తవుడుకు కొన్న బిడ్డ

నేను రిటైరయిన రోజు మా సంస్థవాళ్ళు శాలువా కప్పి ఒక గోడ గడియారం ఇచ్చారు. ఇన్నేళ్ళూ టైముకు రాలేదని తిట్టి, ఇక రానక్కరలేదన్న రోజున గడియారం ఎందుకిచ్చారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. అది మా ఇంట్లో కాస్త ముందు నడుస్తుంది. నేను కాస్త వెనక నడుస్తాను. సగటున మా ఇల్లు సరైన టైములోనే ఉంది.

కొత్తగా ఈ పనిలో చేరిన పిల్లలు, “ఆయమ్మా, మీ సర్వీసులో మరిచిపోలేనిది ఒకటి మాకోసం రాసివ్వండి” అని అడిగారు. నేను ఆరో తరగతితో బడి మానేసినదాన్ని. లెక్కల అయ్యవారికీ నాకూ పడలేదు. ఆయన రిటైరయ్యాక పోదాంలే అనుకున్నాను, ఆయనకేమో ఇంకా బోలెడు సర్వీసు మిగిలి ఉంది. కాబట్టి ఇందులో తప్పులుంటే మీరే దిద్దుకొని చదువుకోండి. నాకు చెప్తే నేను ఏడవను, మిమ్మల్ని ఏడిపిస్తాను.

హిందూపురంలో మా పిల్లల హోములో చేరిన మొదటి రోజు నుంచి అందరూ నన్ను ఆయమ్మ అనే పిలిచారు. నా అసలు పేరు రేషన్ కార్డు మీద తప్ప ఇంకెక్కడా వాడలేదు, కొత్తగానే ఉంది. కన్నవాళ్ళు సాకలేక వదులుకున్న పసిబిడ్డలకు పాలు పట్టడం, గుడ్డలు మార్చడం, ఏడిస్తే భుజాన వేసుకొని తిరగడం నా పని. దత్తత కాగితాలన్నీ అయ్యాక బిడ్డను ఎత్తుకొచ్చి కొత్త అమ్మ చేతుల్లో పెట్టేదీ నేనే. పెద్దసార్లు సంతకాలు పెట్టేవాళ్ళు, నేను బిడ్డను పెట్టేదాన్ని.

బిడ్డ ఒక ఇంటికి చేరితే కథ సుఖంగా ముగిసిందని మేమందరం అనుకునేవాళ్ళం. ఆ బిడ్డలు పెరిగి, మీసాలొచ్చి, ఉద్యోగాల్లో చేరి మళ్ళీ మా గడప తొక్కడం మొదలుపెట్టాక తెలిసింది, అది ముగింపు కాదని. ‘నన్ను సాక్కున్నారని నాకు నచ్చిన పిల్లకు ఎప్పుడు చెప్పాలి? చెప్తే నాతో ఉంటుందా?’ ‘ఎవరైనా నాకు దగ్గరైతే పారిపోవాలని ఎందుకనిపిస్తుంది?’ ఇట్లాంటివి అడిగేవాళ్ళు. పాలసీసా నోట్లో పెడితే ఊరుకునే వయసు దాటిపోయారు.

వీళ్ళ కోసమే విజయవాడ వైపు నుంచి ఒక కౌన్సెలర్ మేడం వచ్చారు. నన్ను ‘ఆయమ్మగారూ’ అని పిలిచిన మొదటి మనిషి ఆమే. మొదట్లో రెండు మూడు సార్లు, ఎవరిని పిలుస్తున్నారా అని వెనక్కి తిరిగి చూశాను. నెలకొక ఆదివారం పెనుకొండలో ఈ పిల్లలందరినీ కూర్చోబెట్టేవాళ్ళం. హిందూపురం వాళ్ళకూ ధర్మవరం వాళ్ళకూ అది మధ్యలో ఉంటుంది. బస్టాండు దగ్గర మిద్దె మీద ఒక గది, కింద టీ కొట్టు. మేడం పిల్లల చేత మాట్లాడించేవారు. నేను బొరుగుల ఉగ్గాని, బజ్జీలు చేసి పెట్టేదాన్ని. మూడోవాడు మా జీపు డ్రైవరు. హిందూపురం అవతల కన్నడం ఊరివాడు. అతనికి రెండు భాషలు వచ్చు, రెండింటిలోనూ మాట్లాడడు.

ఇప్పుడు నేను చెప్పబోయే పిల్లవాడు ధర్మవరంలో మగ్గం నేసేవాళ్ళ ఇంటి బిడ్డ. వాడిని నెలల పసిగుడ్డుగా ఆ తల్లి చేతుల్లో పెట్టింది నేనే. ఆమె ఆ రోజు బిడ్డను చుట్టడానికి తన మొగుడు నేసిన కొత్త పట్టుగుడ్డ తెచ్చుకుంది. “పట్టులో చుడితే జారి పడతాడమ్మా, పాత నూలు చీర ఏదైనా ఉంటే తియ్యి” అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. వాళ్ళు ఊరు చేరేదాకా బిడ్డ జారకుండా ఎట్లా పట్టుకుందో దేవుడికే తెలియాలి.

పాతికేళ్ళొచ్చేసరికి వాడు తాటిచెట్టంత ఎదిగాడు. పెనుకొండ దగ్గర కార్ల సామాన్లు తయారుచేసే కంపెనీలో పని. తను దత్తత బిడ్డనని చిన్నప్పటి నుంచీ తెలుసు, ఇంట్లో దాచలేదు. మా మీటింగుకు వచ్చేవాళ్ళలో వాడంత బుద్ధిమంతుడు లేడు. పెట్టింది తినేవాడు, రెండోసారి అడిగేవాడు కాదు, తన ప్లేటుతో పాటు పక్కవాళ్ళ ప్లేట్లు కూడా కడిగేవాడు. మా జీపు ఎక్కితే దిగేటప్పుడు డ్రైవరుకు థాంక్స్ చెప్పేవాడు. ఆ మాటకు ఏం బదులివ్వాలో తెలియక డ్రైవరు హారన్ కొట్టేవాడు.

నాకు అంత మంచివాళ్ళను చూస్తే భయం. నా నోరు ఊరుకోదు కదా, ఒకసారి అన్నాను: “ఏమప్పా, మీసం దువ్వుతాండావు, పిల్ల ఏమన్నా దొరికిందా?” తక్కిన పిల్లలు నవ్వారు. వాడు “సారీ ఆయమ్మా” అన్నాడు. మరుసటి నెల మీసం తీసేసి వచ్చాడు.

ఆ తర్వాత పిల్ల నిజంగానే దొరికింది. హిందూపురం అమ్మాయి, అదే కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్.

“ఆ పిల్ల శానా మాట్లాడతాది” అన్నాడు, అదేదో బంగారు పతకం గెలిచినట్టు.

“మరి నువ్వేం చేస్తావు?” అన్నాను.

“నేను వింటా.”

“పెండ్లయినాక ఎట్లా చేసేది అదే లేప్పా, ఇప్పటి నుంచే యాల తొందర?”

మేడం నా వైపు చూసి, వాడి వైపు తిరిగి, “మీ గురించి ఆమెకు చెప్పారా?” అని అడిగారు. వాడు తల అడ్డంగా ఊపాడు. చెప్పడం వాడి హక్కనీ, ఎవరూ తొందరపెట్టరనీ, కానీ పెళ్ళి మాటల దాకా దాస్తే దాచినందుకే ఆమెకు బాధేస్తుందనీ మేడం నెమ్మదిగా చెప్పారు. వాడు బుద్ధిగా విన్నాడు. వినడంలో వాడిని మించినవాడు లేడు.

రెండు నెలలు గడిచాయి. ఆ ఆదివారం వాడు వచ్చి తలుపు దగ్గర కూర్చున్నాడు. ఉగ్గాని ప్లేటు ఒళ్ళో పెట్టుకొని, “అయిపోయింది మేడం” అన్నాడు. ఆ పిల్ల నంబరు బ్లాక్ చేశాడు. షిఫ్టు మార్చమని కంపెనీలో రాసిచ్చాడు. ఆమె కనబడితే వేరే దారిన పోతున్నాడు.

“ఏం జరిగింది?” అన్నారు మేడం.

ఆ రోజు క్యాంటీన్లో గుడ్డు పెట్టే రోజు. వడ్డించేవాడు వీడిని మరిచిపోయి ముందుకు పోయాడు. వీడు అడగలేదు. పక్కనున్న పిల్ల చూసి నలుగురి ముందర అందట: “ఏమబ్బా, గుడ్డు అడిగేదానికి గూడా మొహమాటమా? మీ అమ్మ నిన్ను దుడ్లిచ్చి కొనిండదు, తవుడుకు కొనింటాది.”

“నేను చెప్పకముందే ఎవురో చెప్పేసినారు” అన్నాడు వాడు. “అందరి ముందర ఎత్తిపొడిచింది. అందరూ నవ్వినారు.”

అప్పుడు కిటికీ దగ్గర నుంచి నవ్వు వినిపించింది. ఆ నవ్విన పిల్ల పెనుకొండ అమ్మాయే, నర్సింగు చదువుతోంది. ఆమె కూడా మా హోము నుంచి పోయిన బిడ్డే.

“అంతేనా అన్నా? మా నాయన నన్ను దినామూ అంటాడు. తవుడుకు కొన్న్యా, మాట ఇనకపోతే గానుగ చెక్కకు అమ్మేస్తా అని” అంది.

“మీ నాయనకు తెలుసు గదా, నువ్వు…” వాడు ఆగిపోయాడు.

“తెలీకుండా ఎట్లుంటాదన్నా? తెచ్చుకునింది ఆయప్పే గదా.”

ఇంకో కుర్రవాడు అందుకున్నాడు. “మా ఎదురింట్లో వాళ్ళు కన్నబిడ్డలనే అంటారు. మా వీధిలో బర్రెలు అన్ని బస్తాల తవుడు ఎప్పుడూ తినిండవు.”

అందరూ నవ్వారు, మేడం కూడా. ధర్మవరం పిల్లవాడు మాత్రం ఒక్కొక్కరి ముఖమూ చూశాడు. తర్వాత చాలా మెల్లగా అడిగాడు: “అది… అందర్నీ అంటారా?”

నవ్వు ఆగిపోయింది. మన వైపు బిడ్డ అల్లరి చేసినా, అలిగినా, ముద్దొచ్చినా ‘నిన్ను బర్రె తవుడు పోసి కొన్నాం’ అనడం ఎంత మామూలో మీకు తెలుసు. నన్ను అన్నారు, నేను నా కొడుకును అన్నాను. ధర్మవరం పిల్లవాడికి మాత్రం అది తెలియదు.

తెలియకపోవడానికి కారణం కూడా వాడే చెప్పాడు. చిన్నప్పుడు ఎదురింటి అవ్వ ఒకసారి వాడిని ఆ మాట అంది. వాళ్ళమ్మ మగ్గానికి దారం కండెలు చుట్టేది వదిలేసి బయటికొచ్చి, వీధంతా వినేట్టు ఆమెతో పోట్లాడింది. లోపలికొచ్చి తలుపేసుకొని ఏడ్చింది. ఆ రోజు నుంచి రెండిళ్ళకూ మాటల్లేవు. వీధిలో మళ్ళీ ఆ మాట వాడి చెవిన పడలేదు.

“అప్పుడే నేను అనుకున్న్యా, అది మాలాంటోళ్ళను అనే మాటని” అన్నాడు.

మేడం ముందుకు వంగారు. “ఆ అమ్మాయి దేనికి అందో ఆమెనే అడగొచ్చు కదా?”

“నాకు అడగడం రాదు మేడం” అని వాడు లేచాడు. ప్లేటు కడిగి పెట్టి మరీ పోయాడు. అందులోని బజ్జీని మాత్రం తినకుండా తిరిగి గిన్నెలో పెట్టేశాడు.

తిరుగు దారిలో నేను డ్రైవరుతో, “నేరుగా హిందూపురం పో. ఆ పిల్ల ఇల్లు కనుక్కొని, జుట్టు పట్టుకొని తెచ్చి వీడి ముందర నిలబెడతా” అన్నాను.

మేడం వద్దన్నారు. “అది అతను చెప్పుకోవాల్సిన మాట ఆయమ్మగారూ. మనం పోయి చెప్పేస్తే అతని నోట్లోంచి లాక్కున్నట్టే. ఆమె రావచ్చు, రాకపోవచ్చు. అడగడం మాత్రం అతనికి రావాలి.”

నేను సోమందేపల్లి దాకా అలిగి కూర్చున్నాను. ఆమె చెప్పింది సరైనదని సోమందేపల్లి దాటాక ఒప్పుకున్నాను. మనసులోనే. బయటికి ఒప్పుకుంటే డ్రైవరు వింటాడు.

వాడిని అడిగి, వాడు సరేనన్నాకే ధర్మవరంలో వాళ్ళమ్మను కలవడానికి పోయాం. నడవలో ఆమె కండెలు చుడుతోంది. లోపల గుంతమగ్గంలో తండ్రి నేస్తున్నాడు. కాఫీలయ్యాక మేడం అడిగారు: “అమ్మా, మీ అబ్బాయిని మీరు ఎప్పుడైనా తిట్టారా?”

“అయ్యో, యాలకు తిట్టల్ల మేడం? వాడు ఏమన్నా అనుకుంటే?”

“ఏమనుకుంటాడు?”

ఆమె చేతిలోని దారం చూసుకుంది. “కన్నతల్లి అయింటే ఇట్ల అనుండునా అనుకుంటాడేమోనని.”

నేను ఆగలేకపోయాను. “నేను కన్నతల్లినేనమ్మా. పొద్దున్నే నా కొడుకును గాడిద అన్న్యా. వాడు నన్ను ఓటి డబ్బా అన్న్యాడు. తర్వాత ఇద్దరం ఇడ్లీ తిని ఎవరి దావన వాళ్ళు పోయినాం.”

ఆమెకు నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. మేడం వాడి మేనత్త కూతుళ్ళ గురించి అడిగారు. మన ఇళ్ళల్లో బావ వరసైనవాడు వచ్చాడంటే మరదళ్ళు ఊరుకుంటారా? వాడి జుట్టు నుంచి చెప్పుల దాకా దేన్నీ వదలరు. ఎగతాళి చేయలేదంటేనే ఏదో కోపముందని అర్థం. ఈ ఇంట్లో మాత్రం ఆ మరదళ్ళు వాడికి మంచినీళ్ళిచ్చి, ‘బాగుండావా బావా’ అని, టీవీ ముందర కూర్చునేవాళ్ళట.

“నేనే చెప్పినా. వాణ్ణి ఎవురూ ఎకసెక్కాలాడొద్దండని” అంది ఆమె.

లోపల మగ్గం చప్పుడు ఆగింది. అంతసేపూ మాట్లాడని తండ్రి గుంతలోంచే అన్నాడు: “పోగు తెగుతాదేమోనని పట్టుకున్నట్ల పట్టుకున్న్యావు వాణ్ణి. వాడు మనిషి, పట్టుపోగు గాదని నీకు ఎన్నిసార్లు చెప్పినా?” మగ్గం మళ్ళీ మొదలైంది.

అప్పుడు మేడం క్యాంటీనులో జరిగింది చెప్పారు. తవుడు అన్న మాట వినగానే ఆమె ముఖం ఎర్రబడింది. ఆ పిల్ల మీద కోపమనుకున్నాను. కాదు. ఆమె లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా వీధి దాటి ఎదురింటి అరుగు దగ్గరికి పోయింది. మేమూ వెనకే పోయాం. ఎదురింటి అవ్వ చెనిక్కాయలు వలుస్తోంది.

“ఆ పొద్దు నా కొడుకును ఆ మాట యాలకంటివి?” అంది తల్లి. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ ఇంటితో ఆమె మాట్లాడిన మొదటి మాట అది.

అవ్వ తల ఎత్తింది. “బతికుండావా తల్లీ? నోరు పడిపోయిందేమో అనుకున్న్యా.”

“యాలకంటివో చెప్పు.”

“నాకు నలుగురు కొడుకులు. నలుగురినీ తవుడుకు కొన్న్యానే అంటి. నీ కొడుకు దినామూ ఈడనే నా వాకిట్లో ఆడుకుంటాండె. ఐదోవోడు గదా అని వాణ్ణీ అంటి. నలుగురిని అని వాణ్ణొక్కణ్ణే వదిలిపెట్టింటే గదే తప్పు?”

తల్లి అక్కడే అరుగు అంచున కూలబడింది. అవ్వ చేట ఆమె వైపు కొంచెం జరిపింది. కాసేపటికి ఆమె చెయ్యి దానంతట అదే చెనిక్కాయలు వలవడం మొదలుపెట్టింది. మేము తిరిగి చూస్తే, షిఫ్టు దిగి వచ్చిన వాడు భుజాన బ్యాగుతో వీధి మధ్యలో నిలబడి ఉన్నాడు. ఎంత విన్నాడో తెలియదు. అవ్వ వాడిని చూసి, “ఏమబ్బా తవుడోడా, రా” అంది. వాడు బెదరలేదు. పోయి వాళ్ళమ్మ పక్కన కూర్చొని ఒక చెనిక్కాయ తీసుకున్నాడు. ఎవరూ పెట్టకుండా వాడు తనంతట తానే ఏదైనా తీసుకోవడం నేను చూసింది అదే మొదటిసారి.

అంతటితో అయిపోయిందనుకోకండి. ఇది సినిమా కాదు, మా సంస్థ. తర్వాతి మీటింగులో మేడం వాడికి అడగడం నేర్పించారు, అందులో నాకూ ఒక పని ఇచ్చారు. వాడు నోరు తెరిచి అడిగేదాకా నేను బజ్జీ వేయకూడదు. వాడు ఖాళీ ప్లేటుతో నా ముందర నిలబడ్డాడు. నేను గోడ మీద బల్లిని చూశాను. బల్లికి విసుగొచ్చి పోయింది. చివరికి “ఆయమ్మా, బజ్జీ” అన్నాడు. వేశాను. దాని తర్వాత మేడం, నచ్చనిది కూడా చెప్పమన్నారు.

“ఉప్పు… మీకు ఇబ్బంది లేకుంటే… రోంత తక్కువైనట్టుండాది ఆయమ్మా.”

“నా బజ్జీకి వంక పెడతావా? పొయ్యి కాడ నువ్వే నిలబడు రా” అన్నాను నడుం మీద చెయ్యేసి. వాడు భయంతో మేడం వైపు చూశాడు. తర్వాత నా వైపు చూసి, మెల్లగా, “నిలబడతా, పక్కకు జరుగు” అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఉప్పు నిజంగానే తక్కువైంది, అది వేరే సంగతి.

ఆ వారమే వాడు నంబరు బ్లాక్ తీసి ఆ పిల్లకు ఫోన్ చేశాడు. పెనుకొండలో మా గది కింద టీ కొట్టులో కలుద్దామన్నాడు. ‘పైన మీరుంటే నాకు ధైర్యం’ అన్నాడు మాతో. ఆ ఆదివారం పిల్ల వచ్చింది. సన్నగా, పొట్టిగా ఉంది, నడకలోనే కోపం తెలుస్తోంది. కిటికీ దగ్గరికి పోవద్దని మేడం నాకు గట్టిగా చెప్పారు. నేను పోలేదు. డ్రైవరును జీపులో కూర్చోమని, అద్దంలో చూసి నాకు ఫోనులో చెప్పమన్నాను. అప్పుడప్పుడూ అతని గొంతు వచ్చేది.

“కూర్చునిరి.”

“ఆయప్ప మాట్లాడతాండాడు.”

చాలాసేపటికి: “పిల్ల మాట్లాడ్డం లేదు.”

మాటలు తరగని పిల్ల మాట్లాడకపోతే ఎట్లా? మేడం ఫైలు చూస్తున్నట్టు నటిస్తున్నారు, ఫైలు తలకిందులుగా ఉంది. తర్వాత డ్రైవరు అన్నాడు: “ఇప్పుడు పిల్ల తిడతాంది.”

“ఎట్లా తిడతాంది?” అన్నాను.

“మా ఇంటామె మాదిరి.”

నేను ఫోను పెట్టేసి మేడంతో, “ఇంక భయం లేదు” అన్నాను.

కింద ఏం జరిగిందో తర్వాత వాడే చెప్పాడు. ఆ పిల్లకు వాడి సంగతి అసలు తెలియదు. “సుమ్నే అన్నానబ్బా, ఉత్తినే. మా అవ్వ నన్ను పుట్టినప్పటి నుంచీ అంటాంది” అందట. వాడిని అంత బాధపెట్టినందుకు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తుడుచుకున్నాక మొదలుపెట్టింది: “కోపమొస్తే అరువు, పోట్లాడు. ఒక్క మాట అడగకుండా ఫోను బ్లాక్ చేసేది యాడ నేర్చుకున్న్యావు? ఇన్ని దినాలు నేనేం తప్పు చేసినానో తెలీక సచ్చిపోయినా. నువ్వు ఎవురి బిడ్డవో నాకు పని లేదు. ఇంకోసారి చెప్పకుండా పోతే మాత్రం నేను ఎవురి బిడ్డనో నీకు తెలుస్తాది.”

“నువ్వేమన్నావు?” అని అడిగాను.

“ఆకలైతాంది, ఒక గుడ్డు దోశ చెప్పు అన్న్యా.”

పిల్ల ఇంట్లో ఒప్పుకోవడానికి నెలలు పట్టింది. ‘ఎవరి బిడ్డో ఏమో’ అన్న దగ్గర పిల్ల తండ్రి ఆగిపోయాడు. విచారిద్దామని ఎవరికీ చెప్పకుండా ధర్మవరం వచ్చి, అన్ని ఇళ్ళుండగా సరిగ్గా ఎదురింటి అవ్వ అరుగు మీదే కూర్చున్నాడు. “వాడా? వాడు మా ఐదోవోడు” అని మొదలుపెట్టి ఆమె ఏం చెప్పిందో గానీ, పోయేటప్పుడు ఆయన ఒళ్ళో చెనిక్కాయలున్నాయట. మళ్ళీ ఆ ప్రశ్న అడగలేదు.

హిందూపురంలో తాంబూలాలు మార్చుకునే రోజు మమ్మల్నీ పిలిచారు. ధర్మవరం నుంచి మగపెళ్ళివాళ్ళు వ్యాన్లో దిగారు, ఎదురింటి అవ్వతో సహా. ఓళిగలు, మేడం భాషలో బొబ్బట్లు, వడ్డిస్తుండగా పిల్ల వాళ్ళవ్వ వాడిని తేరిపార చూసింది. ఆమెకూ విషయం చెప్పారట గానీ, సరిగా వినబడని చెవిలో చెప్పినట్టున్నారు. అందరికీ వినబడేట్టు అడిగింది: “అబ్బోడు ఎవురి పోలికబ్బా? వాళ్ళ నాయన చూస్తే నా ఎత్తుండాడు, వాళ్ళమ్మ నాకన్నా పొట్టి. ఈయప్పేమో తాటిచెట్టు మాదిరి ఉండాడు.”

వడ్డించే చేతులు ఆగిపోయాయి. పిల్ల తండ్రి నేల చూశాడు. పిల్ల వాడి వైపు చూసింది. ఏదో ఒక జోకు వేసి దాటించేయాలని నా నాలుక దురద పెట్టింది. మేడం నా మోచెయ్యి పట్టుకున్నారు. ఆ పట్టులో ఉన్న మాట నాకు అర్థమైంది: ఇది మన నోట్లోంచి రావాల్సింది కాదు.

వాడి తల్లి గొంతు సవరించుకుంది. జీవితంలో ఒక్క పరాచికమూ ఆడని మనిషి.

“పోలిక యాడొస్తాదవ్వా? వాణ్ణి మేము తవుడుకు కొన్న్యాం గదా” అంది. అనేసి కొడుకు వైపు చూసింది. వాడు లేచి పోతాడేమోనన్న భయం ఆమె కళ్ళల్లో ఉంది.

వాడు చేతిలో ఉన్న ఓళిగ నమిలి మింగాడు. “ఆ పొద్దు బర్రె పస్తు పండుకునిందవ్వా” అన్నాడు. “ఇప్పటికీ నన్ను చూస్తే మొహం తిప్పుకుంటాది.”

నిజం చెప్పాలంటే అదేమంత గొప్ప జోకు కాదు. నేనైతే ఇంకా బాగా చెప్పేదాన్ని. కానీ పిల్ల వాళ్ళవ్వ పళ్ళులేని నోరంతా తెరిచి నవ్వింది, తర్వాత ఇల్లంతా నవ్వింది. వాడి మరదళ్ళు ఇన్నేళ్ళ బాకీ ఒక్కసారి మీద పడి తీర్చుకోవడం మొదలుపెట్టారు. “ఏం బావా, తవుడుకే ఇంత పొడుగొస్తే, జొన్నలకు కొనింటే ఎంతొచ్చునో” అని ఒకతె. “బర్రెను అడుగుదాం, బేరం వెనక్కి తీసుకుంటాదేమో” అని ఇంకొకతె. వాడు చెవులు ఎర్రబడి, ఒక్కొక్కదానికీ తడుముకుంటూ బదులిస్తూ, “ఇంకో ఓళిగ వెయ్యండి” అని అడిగి మరీ వేయించుకున్నాడు. వాళ్ళమ్మ నవ్వుతోంది, ఏడుస్తోంది, పక్కనున్న ఎదురింటి అవ్వ తొడ మీద కొడుతోంది.

పిల్లలూ, మీకు ఒక్క మాట. ఇది చదివి రేపు పోయి దత్తత ఇళ్ళల్లో తవుడు జోకులు వేయకండి. ఆ మాట అందరికీ ఒకేలా తగలదు. కొందరికి అది ఎన్నటికీ నొప్పే. మీ పని నవ్వించడం కాదు. వాళ్ళలో వాళ్ళు నవ్వుకోవడానికీ, పోట్లాడుకోవడానికీ, అడగడానికీ అడ్డమేదో వెతికి, వాళ్ళే దాన్ని తొలగించుకుంటుంటే పక్కన నిలబడడం. ఇది నేను కనిపెట్టింది కాదు, మేడం ఒక మోచెయ్యి పట్టుతో నేర్పింది.

భోజనాలయ్యాక తాంబూలం అందుకుంటున్నాను. వాడు నేరుగా నా దగ్గరికొచ్చాడు. పక్కన పిల్ల ఉంది, వెనక మరదళ్ళున్నారు. ముఖం గంభీరంగా పెట్టి అడిగాడు:

“ఆయమ్మా, ఆ పొద్దు నన్ను మా అమ్మ చేతిలో పెట్టింది నువ్వే గదా. తవుడు తూకం నువ్వే ఏసింటావు. సరిగ్గా ఏసినావా, మా అమ్మను మోసం చేసినావా?”

అందరూ నా వైపు తిరిగారు. డ్రైవరు కూడా. నా సర్వీసంతటిలో మాటకు మాట దొరకని రోజు అదొక్కటే. ఆకూవక్కా గబగబా నోట్లో కుక్కుకొని, నోరు నిండుగా ఉందని చేత్తో సైగ చేశాను.